కక్ష్యాచిత్రాలు - ప్రమాణవిచారం: చంద్రయాత్ర వివాదంలో సాక్ష్య పరిశీలన

వ్యాససంగ్రహం:

అపోలో యాత్రికులు చంద్రునిపై దిగలేదనీ, ఆ దృశ్యాలన్నీ భూమిమీదే చిత్రీకరించినవనీ చెప్పే వాదం దాదాపు అర్ధశతాబ్దిగా వినిపిస్తోంది. 2009 నుంచి చంద్రకక్ష్యలో తిరిగే నౌకలు ఆ దిగిన స్థలాలను ఫొటోలు తీశాయి. వివాదం ఇక ముగుస్తుందని చాలామంది భావించినా అలా జరగలేదు. ఈ చిత్రాలు సాక్ష్యంగా ఎలా పనిచేస్తాయి, ఎంతవరకు పనిచేస్తాయి అనే ప్రశ్నను భారతీయ తర్కశాస్త్ర పరిభాష సహాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చిత్రం తనంతట తానుగా వాదాన్ని ముగించదనీ, స్వతంత్ర మార్గాల్లో వచ్చిన సమాచారంతో సరిపోలినప్పుడే దానికి ప్రమాణస్థాయి లభిస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కక్ష్యాచిత్రం, అపోలో, చంద్రయాన్, ప్రమాణం, అనుమానం, అనుపలబ్ధి, ఆప్తత్వం, వితండ.

1. ఉపోద్ఘాతం:

చంద్రుని మచ్చలో భారతీయులు కుందేలును చూశారు. శశాంకుడన్న పేరు ఆ చూపులోంచే పుట్టింది. అదే మచ్చలో ఐరోపా ప్రజలు మనిషి ముఖాన్ని చూశారు. మచ్చ మారలేదు, చూసేవారి వెంట ఉన్న కథ మారింది. దూరాన కనిపించే అస్పష్టరూపాన్ని తనకు ముందే తెలిసిన కథతో పూరించుకోవడం మనిషి చూపుకు సహజం.

2009 జులై 17న నాసా కొన్ని ఫొటోలను విడుదల చేసింది. అంతకు నెల రోజుల ముందు, జూన్ 18న ప్రయోగించిన లూనార్ రికనైజాన్స్ ఆర్బిటర్ (ఎల్.ఆర్.ఓ.) అనే నౌక వాటిని తీసింది. అపోలో 11, 14, 15, 16, 17 యాత్రలు దిగిన స్థలాలు వాటిలో ఉన్నాయి. బూడిదరంగు నేలమీద ఒక తెల్లని చుక్క, దాని పక్కన పొడవైన నల్లని నీడ. నమ్మేవారికి అది చరిత్ర మిగిల్చిన ఆనవాలుగా కనిపించింది. నమ్మనివారికి అది వట్టి చుక్క. కుందేలు కథే మరోరూపంలో తిరిగి వచ్చిందా అనిపించే సందర్భమిది.

1969 జులై నుంచి 1972 డిసెంబరు వరకు ఆరు యాత్రల్లో పన్నెండుమంది చంద్రునిపై నడిచారన్నది స్థిరపడిన చారిత్రకసత్యం. దాన్ని మళ్ళీ నిరూపించడం ఈ వ్యాసం పని కాదు. ఒక చిత్రం ఎప్పుడు సాక్ష్యమవుతుంది, దాన్ని ఎలా చదవాలి, ఎక్కడ ఆగాలి అన్నవే ఇక్కడి పరిశీలనాంశాలు.

2. వివాద నేపథ్యం:

ఈ వాదానికి పుస్తకరూపం ఇచ్చినవారిలో ప్రముఖుడు అమెరికా రచయిత బిల్ కేసింగ్. మనిషి చంద్రునిపైకి వెళ్ళనే లేదని చెప్పే ఆయన పుస్తకం 1976లో వచ్చింది. ఆ తరువాత కొద్దికాలానికే వచ్చిన 'కాప్రికార్న్ వన్' అనే చలనచిత్రంలో అంగారకయాత్రను స్టూడియోలో నటింపజేసే కథ ఉంది. 1999లో గాలప్ సంస్థ జరిపిన అభిప్రాయసేకరణలో అమెరికన్లలో 6 శాతం మంది చంద్రయాత్ర నాటకమని చెప్పారు. 2001లో ఫాక్స్ టెలివిజన్ ప్రసారం చేసిన కార్యక్రమం ఈ వాదాన్ని ఇంటింటికీ చేర్చింది.

ఈ తొలిదశ వాదాలు ఎక్కువగా వ్యోమగాములు చంద్రుని నేలమీద తీసిన ఫొటోల చుట్టూ తిరిగాయి. జెండా ఎందుకు కదిలింది, ఆకాశంలో నక్షత్రాలు ఎందుకు లేవు, నీడలు సమాంతరంగా ఎందుకు లేవు అన్నవి వాటిలో ముఖ్యమైన ప్రశ్నలు. వీటన్నింటికీ సమాధానాలున్నాయి. జెండాను నిలిపి ఉంచడానికి పైన అడ్డకడ్డీ ఉంది. ఆ కడ్డీని తాకినప్పుడు కలిగిన కదలికను ఆపడానికి అక్కడ గాలి లేదు. ఎండలో మెరిసే నేలకు తగినట్లు కెమెరాను అమర్చినప్పుడు మసక నక్షత్రాలు పడవు. ఎగుడుదిగుడు నేలమీద నీడలు వంకరపోతాయి. అయినా ఈ ఫొటోలకు ఒక పరిమితి ఉంది. ఎవరి మాట సందేహంలో ఉందో వారే వాటిని తీశారు.

కక్ష్యాచిత్రాలు ఈ స్థితిని మార్చాయి. వీటిని తీసింది యాత్రలో పాల్గొన్నవారు కాదు. తీసిన కాలం దాదాపు నలభై ఏళ్ళ తరువాతిది. చూసిన చోటు నేల కాదు, ఆకాశం. వాదానికి కొత్త సాక్షి వచ్చాడు. ఇక ఆ సాక్షి యోగ్యతను పరీక్షించాలి.

3. ప్రమాణ పరిభాష - అన్వయం:

సాక్ష్యాన్ని పరీక్షించే పరిభాష భారతీయ తర్కశాస్త్రంలో పుష్కలంగా ఉంది. ఆంధ్రదేశీయుడిగా పండితలోకం గుర్తించిన అన్నంభట్టు రచించిన 'తర్కసంగ్రహం' నేటికీ ఆ శాస్త్రానికి తొలిపాఠ్యగ్రంథం. న్యాయమతం ప్రకారం ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. భాట్ట మీమాంసకులు, అద్వైతులు వీటికి అర్థాపత్తిని, అనుపలబ్ధిని కూడా చేర్చారు. ఇక్కడ 'అనుమానం' అంటే నేటి వాడుకలోని సందేహం కాదు. కనిపించే గుర్తునుంచి కనిపించని విషయాన్ని నిశ్చయించడం.

ఈ పరిభాషలో చూస్తే కక్ష్యాచిత్రం ప్రత్యక్షం కాదని మొదటే గ్రహించాలి. ఫొటోలో మనిషి లేడు, దిగుతున్న నౌక లేదు. ఒక ఆకారం, ఒక నీడ, నేలమీద ఒక గీత మాత్రమే ఉన్నాయి. వాటినుంచి 'ఇక్కడ మనుషులు దిగారు' అని నిశ్చయించడం అనుమానప్రమాణం పరిధిలోకి వస్తుంది. కొండమీద పొగను చూసి నిప్పును తెలుసుకునే ప్రసిద్ధ ఉదాహరణ వంటిదే ఇది.

'నిప్పు లేనిదే పొగ రాదు' అన్న తెలుగు సామెత ఈ ఉదాహరణకు లోకరూపం. అయితే లోకం ఆ సామెతను తరచు వదంతికి ఊతంగా వాడుతుంది. ఇంతమంది సందేహిస్తున్నారంటే ఏదో ఉండే ఉంటుందనే మాట ఈ వివాదంలోనూ వినిపిస్తుంది. శాస్త్రం ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తుంది. కొండమీద కనిపించేది పొగేనా, పొగమంచా, లేచిన దుమ్మా అన్నది ముందు తేలాలి. హేతువే సందిగ్ధమైతే దానినుంచి ఏ నిర్ణయమూ రాదు. ఈ నియమం సందేహవాదికి ఎంత వర్తిస్తుందో, ఫొటోను చూపించి వాదం ముగిసిందని ప్రకటించేవారికీ అంతే వర్తిస్తుంది.

4. కనిపించకపోవడం ఎప్పుడు సాక్ష్యమవుతుంది?

'అంత శక్తిగల దూరదర్శినులున్నాయి కదా, వాటితో చంద్రునిపై మిగిలిన సామగ్రిని ఎందుకు చూపించరు?' అన్నది ఈ వివాదంలో తరచు వచ్చే ప్రశ్న. దీనికి జవాబు అనుపలబ్ధి చర్చలో దొరుకుతుంది. ఒక వస్తువు కనిపించకపోవడాన్నిబట్టి అది లేదని చెప్పాలంటే, ఉంటే తప్పక కనిపించే పరిస్థితి ఉండాలి. దీన్నే యోగ్యానుపలబ్ధి అంటారు. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదనవచ్చు. చీకటిగదిలో కనిపించకపోతే ఏమీ చెప్పలేం.

హబుల్ దూరదర్శిని అద్దం వ్యాసం 2.4 మీటర్లు. కాంతి స్వభావంవల్ల ఆ పరిమాణంగల అద్దం, సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలోని చంద్రునిపై దాదాపు 100 మీటర్లకంటే చిన్న వివరాలను విడదీసి చూపలేదు. చంద్రునిపై మిగిలిన అపోలో దిగుడుభాగం, చాచిన కాళ్ళతో కలిపి కొలిచినా 10 మీటర్లు దాటదు. అంటే హబుల్‌కు కనిపించకపోవడం చీకటిగదిలోని కుండ వంటిది. దానినుంచి ఏ నిర్ణయమూ చేయడానికి వీల్లేదు.

ఎల్.ఆర్.ఓ. కెమెరా పరిస్థితి వేరు. 50 కిలోమీటర్ల ఎత్తునుంచి అది తీసే చిత్రంలో ఒక్కొక్క పిక్సెల్ నేలమీద అరమీటరుకు సమానం. 2011లో నౌకను సుమారు 21 కిలోమీటర్ల ఎత్తుకు దించి అపోలో 12, 14, 17 స్థలాలను మరింత స్పష్టంగా తీశారు. ఈ స్థాయిలో గదిలోకి వెలుతురు వచ్చింది. ఇక కనిపించడానికీ కనిపించకపోవడానికీ రెండింటికీ అర్థముంది.

దీనికి జెండాల ఉదాహరణ చక్కగా సరిపోతుంది. 2012లో ఎల్.ఆర్.ఓ. కెమెరా బృందం వేర్వేరు వేళల్లో తీసిన ఫొటోలను పోల్చింది. అపోలో 12, 16, 17 స్థలాల్లో జెండా నీడలు కనిపించాయి. సూర్యుని స్థానం మారినకొద్దీ ఆ నీడలూ తిరిగాయి. అపోలో 11 స్థలంలో మాత్రం నిలిచిన జెండా ఆనవాలు లేదు. తాము తిరిగి బయలుదేరినప్పుడు ఇంజను విసురుకు జెండా పడిపోయిందని ఆ యాత్రికుడు బజ్ ఆల్డ్రిన్ అంతకు చాలాకాలం ముందే చెప్పాడు. మిగిలినచోట్ల నీడ కనిపించగల కెమెరాకు ఇక్కడ నీడ కనిపించలేదు. ఇది యోగ్యానుపలబ్ధి. లేకపోవడం కూడా పాతమాటను బలపరిచిన సందర్భమిది. ఆరుచోట్లా ఆరు జెండాలు నిటారుగా కనిపించి ఉంటే ఆల్డ్రిన్ మాట తప్పని తేలేది. తప్పని తేలే అవకాశం ఉండి కూడా తప్పు తేలకపోవడమే సాక్ష్యానికి బలాన్నిచ్చింది.

5. నీడ, జాడ, బాణంగుర్తు:

అనుమానానికి ఆధారమైన గుర్తును శాస్త్రం 'లింగం' అంటుంది. కక్ష్యాచిత్రాల్లో ప్రధానలింగం వస్తువు కాదు, దాని నీడ. 2009 జులైలో విడుదలైన తొలిచిత్రాల్లో ఒక్కొక్క పిక్సెల్ దాదాపు 1.2 మీటర్లు. దిగుడుభాగం పైతలం వ్యాసం సుమారు 3.7 మీటర్లు. అంటే వస్తువుకు దక్కిన చోటు తొమ్మిది పిక్సెళ్ళే. సూర్యుడు క్షితిజానికి దగ్గరగా ఉన్న వేళ తీయడంవల్ల, 3 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ భాగం నీడ సుమారు 20 పిక్సెళ్ళను ఆక్రమించింది. చూపరికి తెల్లని చుక్క కంటే నల్లని నీడే ఎక్కువ చెబుతుంది. బండరాయికీ నీడ ఉంటుందన్నది న్యాయమైన ఆక్షేపణే. ఆ నీడ ముందే ప్రకటించిన చోట, ముందే తెలిసిన ఎత్తుకు తగినట్లు పడిందా అన్నది దాని తరువాతి ప్రశ్న.

ఈ సందర్భంలో తొలిచిత్రాల ప్రచురణతీరును విమర్శించక తప్పదు. వాటిలో చాలావాటిమీద బాణంగుర్తులు గీసి, 'ఇదే నౌక' అని రాసి విడుదల చేశారు. సామాన్యచూపరి కన్ను మొదట బాణంమీద పడుతుంది, తరువాతే చుక్కమీద. ఆ క్షణంలో అతడు పొందేది చూపు కాదు, మాట. శాస్త్రపరిభాషలో అది శబ్దప్రమాణం. చెప్పినవాడిని నమ్మితే చుక్క నౌక అవుతుంది, నమ్మకపోతే చుక్కగానే ఉండిపోతుంది. చూపించడానికి పెట్టిన గుర్తే చూడనీయకుండా అడ్డుపడింది.

బాణం అవసరంలేని లింగం అడుగుజాడ. అపోలో 14 స్థలం దీనికి ఉదాహరణ. 1971 ఫిబ్రవరిలో అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ 'కోన్' అనే బిలం అంచుకు చేరాలని రెండుచక్రాల చిన్నబండిని లాగుతూ గుట్ట ఎక్కారు. నేల ఎగుడుదిగుడుగా ఉండి దారి తెలియలేదు. అంచు కనిపించకుండానే సమయం ముగిసి వెనుదిరిగారు. ఆ వైఫల్యం అప్పుడే ప్రపంచమంతటికీ తెలుసు. నలభై ఏళ్ళ తరువాత తీసిన కక్ష్యాచిత్రాల్లో ఆ జాడ సన్నని గీతగా కనిపిస్తుంది. అది దిగిన చోటునుంచి బయలుదేరి గుట్టమీదికి పోయి, బిలం అంచుకు సుమారు 30 మీటర్ల దూరంనుంచి వెనక్కి తిరుగుతుంది. అంచు తమకు అంత దగ్గరలో ఉందని నడిచినవారికే తెలియదు.

దీన్ని పంచావయవవాక్యంగా ఇలా కూర్చవచ్చు:

ప్రతిజ్ఞ: ఈ స్థలంలో మనుషులు నడిచారు.
హేతువు: 1971లో నమోదైన ప్రయాణంతో, అందులోని వైఫల్యంతో సహా, సరిపోలే జాడ ఇక్కడ ఉంది.
ఉదాహరణ: నడక వివరం ముందే నమోదై, దానికి సరిపోలే జాడ తరువాత దొరికినచోట ఆ నడక జరిగినట్లే, పచ్చికబయలులోని కాలిబాటలా.
ఉపనయం: ఇక్కడి జాడ అటువంటిదే.
నిగమనం: కాబట్టి ఇక్కడ మనుషులు నడిచారు.

ఇందులో హేతువు 'జాడ ఉంది' అన్నంతమాత్రమే అయితే నిలవదు. మనుషులు లేకుండా తిరిగిన సోవియట్ యంత్రశకటాలు కూడా చంద్రునిపై జాడలు వదిలాయి. అటువంటి హేతువును సవ్యభిచారం అంటారు. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కూడా కనిపించే హేతువది. 'ముందే నమోదైన ప్రయాణంతో సరిపోలే' అన్న విశేషణం చేరినప్పుడే అది దోషంనుంచి బయటపడుతుంది.

6. కెమెరా ఆప్తత్వం:

ఎల్.ఆర్.ఓ. కూడా నాసాదే కదా, నిందితుడు తన తరఫున తానే సాక్ష్యం చెప్పుకుంటే చెల్లుతుందా అన్నది సందేహవాదుల బలమైన ఆక్షేపణ. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడు. అతడు ఎవరి మనిషి అన్న ప్రశ్నకంటే అతని మాట ఎన్నిసార్లు పరీక్షకు నిలిచింది అన్న ప్రశ్న ముఖ్యం. జ్ఞానం సరైనదో కాదో దాన్ని నమ్మి చేసిన ప్రయత్నం ఫలించడంవల్ల తెలుస్తుందని నైయాయికులు అంటారు. ఎండమావిని చూసి వెళ్ళినవాడికి నీరు దొరకదు. చెరువును చూసి వెళ్ళినవాడికి దాహం తీరుతుంది.

ఎల్.ఆర్.ఓ. కెమెరాకు ఇటువంటి పరీక్షలు జరిగాయి. మొదటిది సోవియట్ శకటం లూనోఖోద్ 1 విషయంలో. 1970లో చంద్రునిపై దిగిన ఈ శకటంతో 1971లో సంబంధాలు తెగిపోయాయి. దానిమీద లేజరు కిరణాలను తిప్పికొట్టే అద్దాలున్నా, అది నిలిచిన చోటు కచ్చితంగా తెలియక దశాబ్దాలపాటు వాటిని వాడుకోలేకపోయారు. 2010లో ఎల్.ఆర్.ఓ. చిత్రాల్లో ఆ శకటం కనిపించింది. ఆ చోటును గురిచూసి అదే ఏడాది ఏప్రిల్‌లో న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్ వేధశాలనుంచి లేజరును పంపితే, కాంతి తిరిగివచ్చింది. చిత్రం చెప్పిన చోట నీరు దొరికింది.

రెండోది అపోలో 13 రాకెట్ మూడోదశ విషయంలో. 1970 ఏప్రిల్‌లో దాన్ని కావాలనే చంద్రునిపై పడేశారు. అపోలో 12 యాత్రికులు వదిలివచ్చిన భూకంపమాపకం వంటి పరికరం ఆ అదురును నమోదు చేసింది. ఆ తాకిడివల్ల ఏర్పడిన, దాదాపు 30 మీటర్ల వెడల్పున్న గుంతను నలభై ఏళ్ళ తరువాత ఎల్.ఆర్.ఓ. ఫొటో తీసింది. అదురు ఒక ఇంద్రియానికి, గుంత మరో ఇంద్రియానికి అందినట్లు, వేర్వేరు సాధనాలు వేర్వేరు కాలాల్లో ఒకే సంఘటనను చెప్పాయి.

మూడోది భారతీయులకు దగ్గరిది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 లోని విక్రమ్ లాండర్ చంద్రుని దక్షిణప్రాంతంలో కూలిపోయింది. ఎల్.ఆర్.ఓ. తీసిన ఆ ప్రాంతపు చిత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. చెన్నైకి చెందిన ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ వాటిని దించుకుని, కూలకముందు తీసిన చిత్రంతో పక్కపక్కన పెట్టి పోల్చాడు. కొత్తచిత్రంలో ఒకే ఒక్క పిక్సెల్ అదనంగా మెరుస్తోంది. ఆ సంగతి తెలియజేశాక కెమెరా బృందం మరిన్ని చిత్రాలు తీసి, అది విక్రమ్ శకలమేనని 2019 డిసెంబరులో ధ్రువీకరించింది. ప్రధానంగా కూలిన చోటుకు అది సుమారు 750 మీటర్ల దూరంలో ఉంది.

ఈ మూడో సంఘటన విలువ వేరు. ఇక్కడ బాణంగుర్తు లేదు. చూడాల్సిన చోటును ఎవరూ చూపించలేదు. ఏ సంస్థకూ చెందని వ్యక్తి తన కంటితో పోల్చి కనుగొన్నాడు. తరువాత సంస్థే అతని మాటను అంగీకరించింది. కక్ష్యాచిత్రం అధికారులు చూపించే పటంగా మాత్రమే కాక, ఎవరైనా చదవగల పాఠంగా నిలిచిన సందర్భమిది.

7. పరస్పరసాక్ష్యం:

సాక్షులు ఒకరినొకరు ఎరగకుండా ఒకే మాట చెబితే ఆ మాటకు బలం పెరుగుతుంది. అపోలో చిత్రాల విషయంలో నాసాకు బయటి సాక్షులున్నారు. జపాన్ నౌక 'కగుయా' 2008లో అపోలో 15 దిగిన హాడ్లీ ప్రాంతాన్ని పరిశీలించింది. దాని కెమెరాకు ఒక్కొక్క పిక్సెల్ 10 మీటర్లు కాబట్టి నౌకభాగం కనిపించే వీల్లేదు. ఇంజను విసురుకు నేల చెదిరి ఏర్పడిన లేతరంగు మరక మాత్రం కనిపించింది. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. కగుయా కొలతలతో కంప్యూటరులో నిర్మించిన ఆ ప్రాంతపు కొండల రూపం, 1971లో యాత్రికులు నేలమీద నిలబడి తీసిన ఫొటోలోని కొండలతో సరిపోయింది. స్టూడియోలో తెర గీసినవారికి ఆ కొండల వంపులు అంత కచ్చితంగా ముందే తెలిసే మార్గం లేదు.

శ్రీహరికోటనుంచి 2019 జులై 22న బయలుదేరిన చంద్రయాన్-2లో దిగే భాగం విఫలమైనా, కక్ష్యలో తిరిగే భాగం చక్కగా పనిచేసింది. అందులోని అధిక స్పష్టత కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తునుంచి పావుమీటరు వివరాన్ని పట్టగలదు. ఆ కెమెరా అపోలో 11, అపోలో 12 స్థలాలను ఫొటో తీసింది. దిగుడుభాగం అక్కడే ఉంది.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 విజయవంతంగా దిగింది. నాలుగు రోజుల తరువాత ఎల్.ఆర్.ఓ. ఆ చోటును ఫొటో తీసింది. చిన్న చుక్క, దాని నల్లని నీడ, చుట్టూ ఇంజను విసురుకు ఏర్పడిన లేతరంగు వలయం కనిపించాయి. అపోలో స్థలాల్లో కనిపించిన గుర్తులే ఇక్కడా ఉన్నాయి. అమెరికా నౌకకు భారతీయ కెమెరా సాక్షి. భారతీయ నౌకకు అమెరికా కెమెరా సాక్షి.

ఇక్కడే ఈ వివాదంలో నిజంగా పణంగా ఉన్నదేమిటో తెలుస్తుంది. నాసా తీసింది కాబట్టి అపోలో చిత్రం అబద్ధమనేవారు, అదే కెమెరా తీసిన విక్రమ్ చిత్రాన్ని గర్వంతో పంచుకోలేరు. ఇస్రో చిత్రాన్ని నమ్మితే అపోలో 11 దిగుడుభాగాన్ని కాదనలేరు. దేశాన్నిబట్టి, ఇష్టాన్నిబట్టి ప్రమాణాన్ని మార్చుకుంటే చివరకు తమ విజయాన్ని నిలుపుకోవడానికీ ప్రమాణం మిగలదు. ఒకరి చంద్రయాత్రను కాదనడానికి వాడిన కత్తి మరొకరి చంద్రయాత్రనూ కోస్తుంది.

8. వితండ స్వరూపం:

ఇంత సాక్ష్యం ఉన్నా వాదం ఎందుకు ఆగదు? దీనికీ న్యాయశాస్త్రంలోనే సమాధానముంది. చర్చలను ఆ శాస్త్రం మూడు విధాలుగా విభజించింది. సత్యనిర్ణయం కోసం జరిగేది వాదం. గెలుపుకోసం జరిగేది జల్పం. తన పక్షాన్ని స్థాపించకుండా ఎదుటిపక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. తెలుగువాడుకలో 'వితండవాదం' అంటే మొండివాదమన్న అర్థమే మిగిలింది. శాస్త్రార్థం అంతకంటే సూక్ష్మమైనది. వితండంలో ప్రధానదోషం మొండితనం కాదు, నిలబెట్టాల్సిన సొంతపక్షం లేకపోవడం.

చంద్రయాత్రను ఖండించే వాదం సరిగ్గా ఈ రూపంలోనే ఉంది. యాత్ర జరగకపోతే 382 కిలోల చంద్రశిలలు ఎక్కడివి, నీడలు ఎవరివి, జాడలు ఎవరు వేశారు అన్న ప్రశ్నలకు అది ఒక పూర్తి కథనాన్ని ప్రతిపాదించదు. చిత్రం మసకగా ఉంటే 'ఏమీ కనిపించడం లేదు' అంటుంది. స్పష్టంగా ఉంటే 'ఇది దిద్దినది' అంటుంది. చిత్రం ఎలా ఉన్నా తీర్పు ఒకటే. నాసా అబద్ధమాడుతుంది కాబట్టి చిత్రం అబద్ధం, చిత్రం అబద్ధం కాబట్టి నాసా అబద్ధమాడింది అన్న చక్రం ఇది. హేతువు కూడా సాధ్యంలాగే నిరూపణ కోరే ఈ దోషానికి న్యాయసూత్రాల్లో 'సాధ్యసమం' అని పేరు.

అయితే సమర్థకుల వాదాల్లోనూ దోషాలున్నాయి. లేజరు కాంతిని తిప్పికొట్టే అద్దాలు చంద్రునిపై ఉన్నాయి కాబట్టి మనుషులు దిగారనే వాదం తరచు వినిపిస్తుంది. అపోలో 11, 14, 15 యాత్రికులు అటువంటి అద్దాలను అమర్చిన మాట నిజం. కానీ మనుషులు లేని లూనోఖోద్‌లమీదా అవి ఉన్నాయి. ఒంటరిగా చూస్తే ఈ హేతువూ సవ్యభిచారమే. అలాగే దిగుడుభాగం ఫొటో కూడా ఒంటరిగా యంత్రం దిగిందని మాత్రమే చెబుతుంది. శిలలు, అదురులు, జాడలు, సాక్షుల మాటలు, ఇతరదేశాల చిత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడినప్పుడే అవి పూర్తిసాక్ష్యమవుతాయి. సత్యపక్షం తన చేతిలోని బలహీనహేతువును వదులుకోకపోతే, ఆ హేతువు కూలినప్పుడు సత్యమే కూలినట్లు కనిపించే ప్రమాదముంది.

ఈ విచక్షణ తరగతిగదికి ఎంతో అవసరం. 'చంద్రునిపైకి ఎవరూ వెళ్ళలేదట కదా' అని విద్యార్థి అడిగినప్పుడు 'నాసా చెప్పింది' అన్న జవాబు అతనికి మరో బాణంగుర్తునే ఇస్తుంది. ఒక అధికారం బదులు మరో అధికారాన్ని నమ్మమని అది చెబుతుంది. రేపు అంతకంటే గట్టిగొంతుతో మాట్లాడే మరొకరు దొరికితే అతడు అటు వెళతాడు. రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి నీడను కొలవడం నేర్పితే, ఆ విద్యార్థి ఎవరి గొంతుకూ లొంగాల్సిన పని ఉండదు.

9. ఉపసంహారం:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. కక్ష్యాచిత్రం ప్రత్యక్షప్రమాణం కాదు, అనుమానానికి ఆధారమైన లింగం. దాన్ని చూడటంతోపాటు చదవాలి.
2. కనిపించకపోవడాన్ని సాక్ష్యంగా చూపాలంటే ఉంటే కనిపించే యోగ్యత ఉండాలి. హబుల్ విషయంలో అది లేదు. అపోలో 11 జెండా విషయంలో ఉంది.
3. ఎల్.ఆర్.ఓ. కెమెరా ఆప్తత్వం లూనోఖోద్ 1, అపోలో 13 రాకెట్ దశ, విక్రమ్ శకలం వంటి సందర్భాల్లో స్వతంత్రపరీక్షకు నిలిచింది.
4. జపాన్, భారతదేశాల నౌకల పరిశీలనలు అపోలో చిత్రాలను బలపరుస్తున్నాయి. చంద్రయాన్-3 దిగినట్లు చూపే చిత్రం అదే కోవకు చెందింది.
5. చంద్రయాత్రను ఖండించే వాదం సొంతపక్షం లేని వితండ. అయినా సమర్థకులు తమ వాదాల్లోని సవ్యభిచారహేతువులను గుర్తించి వదులుకోవాలి.

చంద్రుని మచ్చలో కుందేలును చూసిన తరాలకు ఆ చూపును పరీక్షించుకునే సాధనం లేదు. నేటి తరానికి ఉంది. ఒక్క పిక్సెల్ తేడాను ఓర్పుతో పట్టుకోగల పాఠకులు ఎంతమంది తయారైతే, ఈ చిత్రాలు అంతగా సాక్ష్యాలవుతాయి. వారిని తయారుచేయడం అంతరిక్షసంస్థల పని మాత్రమే కాదు. భాషనూ తర్కాన్నీ బోధించే ప్రతి ఒక్కరి పనీ అదే.